ఏడో కుర్చీ, ఎనిమిదో కుర్చీ

సోమ, బుధ, శుక్ర.
తెల్లవారి ఐదున్నరకి ఈరీ సరస్సు మీంచి వచ్చే గాలి
తలుపు తీసినవాడి చెవులు కొరికి మరీ లోపలికొస్తుంది.
ఏడో కుర్చీలో కాజిమిర్ డూబెక్,
ఎనిమిదిలో లెరాయ్ పెటిగ్రూ.
చెరి రెండు సూదులు, ఎడమ చేతికి, నేనే గుచ్చుతాను.
నాలుగు గంటలు ఆ చెయ్యి కదలకూడదు.
అందుకని వాదనంతా కుడిచేత్తోనే.

"అరవై ఎనిమిది" అంటాడు కాజిమిర్, గుడ్ మార్నింగ్ బదులు.
"డెబ్భై ఏడు" అంటాడు లెరాయ్, థాంక్యూ బదులు.

హార్బర్‌మెన్ ఛాంపియన్లయింది రెండుసార్లేనట.
ఆ రెండు జట్లనీ ఒకే మైదానంలోకి దింపి
ఆరేళ్లుగా ఆడిస్తున్నారు వీళ్లు,
నా డయాలిసిస్ మెషీన్ల మధ్య, బ్లీచింగ్ వాసనలో.
ఇంకా స్కోరు తేల్లేదు.

అరవై ఎనిమిదిలో అబ్నర్ టీగ్ అని లైన్‌బ్యాకర్.
మూడు వేళ్లు వంకర, పెళ్లి ఉంగరం మెళ్లో గొలుసుకి.
వేసవంతా రైలింజన్ల ఫ్యాక్టరీలో బోల్టులు బిగించి
ఆకులు రాలే కాలంలో మనుషుల్ని విప్పేవాడు.
"వాడి ముందు మీ మేబ్రీ నాలుగడుగులు వేస్తే
నా కిడ్నీ... అది పోయిందిగా, సరే, నా ట్రక్కు రాసిస్తా."

"వేగం, కాజ్, వేగం" కళ్లు మూసుకునే అంటాడు లెరాయ్.
థియో మేబ్రీ మంచులో పరిగెత్తితే
అడుగులు పడేవి కావట.
"మీ టీగ్ వాణ్ణి పట్టుకోవాలంటే
ముందురోజు సాయంత్రమే బయల్దేరాలి."

మొదట్లో నాకు ఒక్క ముక్క తెలీదు.
బంతేంటి కోడిగుడ్డులా ఉందంటే
ఇద్దరూ ఒకేసారి నిట్టూర్చారు.
నాకొచ్చింది కబడ్డీ. రేపల్లె గర్ల్స్ హైస్కూలు, ఎడమ మూల.
చెప్పాను: కూత ఆపకుండా గీత దాటాలి,
ముట్టుకోవాలి, అదే ఊపిరిలో తిరిగి రావాలి.
"మధ్యలో కూత ఆగిపోతే?" లెరాయ్ ఒక కన్ను తెరిచాడు.
అవుటే.
"హెల్మెట్ లేకుండానా!" అన్నాడు కాజిమిర్.
ఆరోజు నుంచి నాకు మర్యాద పెరిగింది.

అరటిపండు వద్దు, టమాటా వద్దని రాసిన
పొటాషియం కాగితం వెనక
రెండు వరసల్లో పేర్లు రాయించారు నాచేత,
ఏ చోటికి ఏ ఏటివాడు మెరుగని.
క్వార్టర్‌బ్యాక్ దగ్గర గంట.
కోచ్ బెంచీ మీద నిద్రపోయేవాడని ఒకరు,
కాదు, అది ప్రార్థనని ఒకరు.
కిక్కర్ దగ్గరికొచ్చేసరికి ఏడో కుర్చీ బీపీ నూట డెబ్భై.
రెఫరీలా చేతులు ఊపి ఆపేశాను.

రెండు వరసల్లోనూ ఉన్న పేరు ఒక్కటే: హెన్రీ ఓస్తాప్, సెంటర్.
మొదటిసారి ఇరవై మూడేళ్లు, రెండోసారి ముప్ఫై రెండు.
వంగి, బంతి కాళ్ల మధ్యనుంచి వెనక్కి అందించాక
ఇంకెవరూ చూడని మనిషి.
ఆ పేరు దగ్గర మాత్రం
ఇద్దరూ నోరెత్తేవాళ్లు కాదు.

ఫిబ్రవరి, రెండో బుధవారం.
ఎనిమిదో కుర్చీ మీద ఉతికిన దుప్పటి, మడత నలగలేదు.
ఒక పేషెంటు సంగతి ఇంకొకరికి చెప్పకూడదని మాకు రూలు.
కాజిమిర్ అడగలేదు.
కోటు విప్పి, చెయ్యి చాపి, కప్పుకేసి చూస్తూ పడుకున్నాడు.
నాలుగు గంటలూ పంపు తిరిగిన చప్పుడే,
బయట మంచు గోకే బండి.

శుక్రవారం ఎనిమిదిలో కొత్త కుర్రాడు,
చెవుల్లో ఇయర్‌ఫోన్లు.
కాజిమిర్ చేతికి టేపు అంటించాను.
బీపీ తొంభై ఆరు. కాగితం నా జేబులోనే ఉంది.
కోర్టు మధ్య గీత గుర్తొచ్చింది,
అవతల ఎవరూ లేకపోతే అది ఉత్త సున్నం.

"డెబ్భై ఏడు" అన్నాను.

మెల్లగా తల తిప్పాడు.
"నీకేం తెలుసు?"
"మీ టీగ్ ముందురోజు సాయంత్రమే బయల్దేరాలి."

చాలాసేపు చూశాడు.
మెషీన్ ఒకసారి కూసి ఊరుకుంది.
తర్వాత ఆ కుడిచెయ్యి దుప్పట్లోంచి బయటికొచ్చి
గాల్లో ఒక వేలు నిలబెట్టి,
"ఇదిగో అమ్మాయ్, ముందు ఆ టీగ్ వేళ్లు ఎందుకు వంకరపోయాయో విను..."

నేను స్టూలు దగ్గరికి లాక్కుని
ఊపిరి గట్టిగా పీల్చుకున్నాను.